‘ఏదో సౌండ్’ అంటే చాలదు

బానెట్ కింద శబ్దం వస్తే మనవాళ్లు ఎక్కువమంది చేసేది ఒకటే. బండిని గ్యారేజీలో వదిలి, "ఏదో సౌండ్ వస్తా ఉందన్నా, చూడు" అంటారు. ఆ ‘ఏదో’ దగ్గరే డబ్బులు పోవడం మొదలవుతుందని మేమంటాం. మెకానిక్ ఊహించి ఒక పార్ట్ మారుస్తాడు, శబ్దం పోదు, ఇంకోటి మారుస్తాడు.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్కడ "పని చేయలేదు" అని మాత్రమే రాస్తే ఎవరూ ఒప్పుకోరు. ఎప్పుడు, ఏం చేస్తే, ఎంతసేపు అని రాయాల. ఇంజన్‌కీ అదే లెక్క.

మన హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం పొద్దున్నే చెమ్మ. అప్పుడు స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి, కాసేపటికి ఆగిపోతే ముందు బెల్టును అనుమానించాల. ఆల్టర్నేటర్‌ను, ఏసీ కంప్రెసర్‌ను, కొన్ని బండ్లలో వాటర్ పంపును కూడా తిప్పేది అదే. స్టార్టింగుకు ఖర్చయిన బ్యాటరీని నింపేటప్పుడు ఆల్టర్నేటర్ మీద భారం పడుతుంది. బెల్టు వదులైతే పుల్లీ మీద జారి అరుస్తుంది. ఏసీ వేస్తే అరుపు పెరిగిందా, అదీ చెప్పండి.

మెకానిక్‌లకు ఒక నీళ్ల పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా బెల్టు లోపలి వైపు కొంచెం నీళ్లు చిమ్ముతారు. అరుపు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరసలో లేవేమో చూడాల. ఇంకా పెరిగితే బెల్టుకు బిగువు చాలలేదేమో చూడాల. నీళ్లకు ఏ మార్పూ లేక గరగరమంటూనే ఉంటే బేరింగులు చూడాల. ఇది తెలిసినవాళ్లే చేయాల. పైట, చున్నీ, జడ, చెయ్యి ఆ దరికి పోకూడదు.

అరుపు ఆపే స్ప్రే కొట్టించుకోవడం మాకు నచ్చదు. నోరు మూయించినంత మాత్రాన రోగం పోదు. ఆ బెల్టు కృష్ణగిరి హైవేలో తెగితే ఛార్జింగ్ ఆగిపోతుంది. వాటర్ పంపు దాని మీదే ఉంటే ఇంజన్ వేడెక్కుతుంది, బండి అక్కడే ఆపేయాల.

మేము బడిలో చదివింది కన్నడం. కీచు, కిర్రు, గరగర, టకటక, బుస్సు, ఈ మాటలు మాకు ఏ పాఠమూ నేర్పలేదు. అవ్వల నోట విని నేర్చుకున్నాం. గిలక కిర్రుమంటే నూనె వేయమనేవాళ్లు. కీచుమంటే జారుతున్నట్టు, గరగరమంటే అరిగినట్టు, టకటకమంటే ఏదో తగులుతున్నట్టు, బుస్సుమంటే గాలి పోతున్నట్టు. మాటలోనే సగం పరీక్ష అయిపోతుంది.

మన ఊరి గ్యారేజీల్లో తమిళం, తెలుగు, కన్నడం మూడూ నడుస్తాయి. "పొద్దున స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు కీచుమంటుంది, ఏసీ వేస్తే ఎక్కువైతుంది" అని తెలుగులో చెప్పినా అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారు. మన పిల్లలకు మాత్రం ఇవన్నీ ‘సౌండే’. బండి అరిచినప్పుడు వాళ్లను పక్కన నిలబెట్టి, ఎట్ల అరుస్తా ఉందో తెలుగులో చెప్పమనండి. అది విన్నాకే గ్యారేజీకి పోండి.