కాగితం మీద బస్సు, రోడ్డు మీద కారు

'ఎర్రబస్సు దిగి వచ్చినోడు' అని పల్లె మనిషిని పట్నంలో ఎగతాళి చేసే రోజులు మనకు గుర్తే. సినిమాల్లో ఆ మాటకు నవ్వులు కూడా పడ్డాయి. ఇవాళ ఐక్యరాజ్య సమితి నుంచి ఢిల్లీ సచివాలయాల దాకా పెద్దలందరూ ఏం చెబుతున్నారు? భూమి వేడెక్కకుండా ఉండాలంటే, నగరాలు పొగలో మునగకుండా ఉండాలంటే మనుషులు సొంత బండి పక్కన పెట్టి బస్సు ఎక్కాలట, రైలు ఎక్కాలట. దగ్గరి దూరాలు నడవాలట, సైకిల్ తొక్కాలట. దీనికి 'సుస్థిర అభివృద్ధి' అని పేరు పెట్టారు. పేరు ఏదైనా, ఎర్రబస్సు ఎక్కినోడే సరైన తొవ్వలో ఉన్నాడని లోకం ఒప్పుకున్నట్టే కదా! మరి ఆ సరైన తొవ్వలో ఉన్న మనిషికి మన పాలకులు ఇచ్చిన బహుమతి ఏమిటి? కాలు పెట్టే సందు లేని బస్సు, నీడ లేని స్టాపు, గంట సేపు ఎదురుచూపు.

దేశానికి రవాణా విధానం లేక ఈ గతి పట్టిందా అంటే, అదీ కాదు. 1970లలో చమురు ధరలు మండినప్పుడు కేంద్రం బి.డి. పాండే అధ్యక్షతన జాతీయ రవాణా విధాన కమిటీని వేసింది. 1980లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. ఇంధనం పొదుపు కావాలంటే దూరం పోయే బరువు సరుకును రైలు మీదనే పంపాలని చెప్పింది. 2006లో జాతీయ పట్టణ రవాణా విధానం వచ్చింది. రోడ్డు ఉన్నది మనుషులను చేరవేయడానికి గానీ బండ్లను చేరవేయడానికి కాదని, రోడ్డు జాగాలో బస్సుకు, సైకిల్‌కు, కాలినడకకు ముందు వాటా దక్కాలని ఆ విధానం సారం. 2014లో రాకేశ్ మోహన్ కమిటీ మళ్లీ మందపాటి నివేదిక ఇచ్చింది. రైలుకు పెట్టుబడి పెంచండి, రవాణా శాఖలన్నీ ఒక గొడుగు కిందికి తెండి అన్నది. మూడు కాగితాలు, ముప్పై నాలుగేండ్లు, సారం ఒకటే. కాబట్టి మనకు కరువైనది విధానం కాదు. ఆ విధానం వెంట నడిచే పైసలు.

పైసలు ఎటు నడిచాయో చూద్దాం. 1950లలో దేశంలో సరుకు రవాణాలో నూటికి ఎనభై పాళ్లకు పైగా రైలు మోసేది. ఇప్పుడు మూడో వంతు కూడా మోయడం లేదు. మిగిలిందంతా లారీల మీద, డీజిల్ మీద నడుస్తున్నది. 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి వేశారు. 2017లో 34,800 కిలోమీటర్ల భారత్‌మాల తొలి దశకు ఆమోదం తెలిపారు. రోడ్లు వద్దని మేం అనడం లేదు. రోడ్డు లేని తండాకు బస్సు ఎట్లా వస్తుంది? మా ప్రశ్న వేరు. రహదారులకు ఇంత ఉరుకులాట చూపినవాళ్లు రైలు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కాళ్లు ఈడ్చారు? సరుకు రవాణాలో రైలు వాటాను 2030 నాటికి 45 శాతానికి తెస్తామని జాతీయ రైలు ప్రణాళికలో రాసుకున్నారు. రాయడానికి చేయి నొస్తుందా?

నగరాలలోనూ ఇదే కథ. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కారు ఉన్న కుటుంబాలు నూటికి ఐదు కూడా లేవు. సైకిల్ ఉన్నవి దాదాపు 45. మోటారు సైకిలో, స్కూటరో ఉన్నవి 21. ఆ తరువాత కార్లు పెరిగాయి, నిజమే. అయినా కారు లేని ఇండ్లే ఇప్పటికీ ఎక్కువ. కానీ ఫ్లైఓవర్ ఎవరి కోసం కట్టారు? అండర్‌పాస్ ఎవరి కోసం తవ్వారు? ఫుట్‌పాత్‌ను కోసి రోడ్డు వెడల్పు చేసింది ఎవరి కోసం? హైదరాబాద్‌లో ఏ పెద్ద చౌరస్తా దగ్గరైనా ఒక్క పూట నిలబడి చూడండి. చిన్న పిల్లను చంకనెత్తుకున్న తల్లి రోడ్డు దాటలేక దిక్కులు చూస్తుంటుంది. ఆమె తల మీదుగా వంతెన మీద కారు సర్రున పోతుంటుంది. మన రవాణా విధానం బొమ్మ గీయమంటే ఇంతకంటే వేరే బొమ్మ గీయలేం.

ఈ విధానానికి బలైన ప్రాణాల లెక్క కూడా ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే ప్రకటించింది. అందులో నూటికి 44 మంది మోటారు సైకిళ్ల మీద పోయేవాళ్లు. నూటికి 19 మంది నడిచి పోయేవాళ్లు. బస్సు రాక, వచ్చినా ఎక్కే జాగా లేక, అప్పు చేసి కిస్తీల మీద బండి కొనుక్కున్న పిల్లలు ఈ లెక్కలో ఎందరున్నారో! దీన్ని ప్రమాదం అనాలా, విధానం అనాలా?

ఢిల్లీ మాటకూ చేతకూ ఎంత దూరమో తెలియాలంటే డీజిల్ కథ ఒక్కటి చాలు. 2013 జనవరిలో కేంద్రం ఒక నిర్ణయం తీసుకున్నది. డీజిల్‌ను టోకున కొనేవాళ్లకు సబ్సిడీ ఎత్తేసింది. టోకున కొనేది ఎవరు? రైల్వేలు, ఆర్టీసీలు. దాంతో బంకుకు పోయి డీజిల్ పోయించుకునే కారు ఆసామికి సబ్సిడీ మిగిలింది. యాభై మందిని మోసే బస్సుకు మాత్రం లీటరుకు దాదాపు 10 రూపాయలు ఎక్కువ పడింది. 2022 మార్చిలో మళ్లీ అదే తంతు. టోకు ధర లీటరుకు దాదాపు 25 రూపాయలు పెరిగింది. సొంత డిపోలో సొంత బంకు పెట్టుకుని కూడా ఆర్టీసీ బస్సులు బయటి బంకుల ముందు వరుస కట్టాయి. లీటరు డీజిల్‌తో బస్సు అయిదు కిలోమీటర్లు పోతుంది. యాభై మంది ఎక్కితే, తలకొక కిలోమీటరు చొప్పున ఆ లీటరు రెండు వందల యాభై కిలోమీటర్ల ప్రయాణం ఇచ్చినట్టు. కారు లీటరుకు పదిహేను పోతుంది. ఇద్దరెక్కితే ముప్పై. రెండు వందల యాభై ఇచ్చేదాన్ని శిక్షించి ముప్పై ఇచ్చేదాన్ని సాకడమేనా సుస్థిర అభివృద్ధి?

పన్నుల్లోనూ అదే తీరు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గించినప్పుడు బస్సు మీద 28 నుంచి 18 శాతానికి తెచ్చారు. సంతోషమే. చిన్న కారు మీద కూడా అదే 18కి తెచ్చారు. ఊరందరినీ మోసే బండి, ఒక ఇంటి గుమ్మంలో నిలబడే బండి సర్కారు తక్కెడలో సమానమైపోయాయి!

ఇప్పుడు కొత్త మంత్రం ఎలక్ట్రిక్. కార్లన్నీ కరెంటు బండ్లు అయితే సమస్య తీరిపోతుందని ప్రచారం. కరెంటు బండి పొగ వదలదు, మంచిదే. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచి కొంటున్నాం కాబట్టి ఆ భారమూ తగ్గుతుంది. కానీ దేశంలో కరెంటులో సింహభాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నది. పొగ చౌరస్తా నుంచి పోయి థర్మల్ స్టేషన్ పక్క ఊరి మీద పడితే అది ఎవరికి సుస్థిరం? పైగా ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కారు పెట్రోలుదైతే ఏమిటి, కరెంటుదైతే ఏమిటి? జాగా అంతే ఆక్రమిస్తుంది. కరెంటు ముందుగా కావలసింది కారుకు కాదు, బస్సుకు.

ఆ బస్సులు వస్తున్నాయి కూడా. 2023 ఆగస్టులో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ కింద 10 వేల ఎలక్ట్రిక్ బస్సులు ప్రకటించింది. 2024లో పీఎం ఈ-డ్రైవ్ తెచ్చి మరో 14 వేల బస్సుల మాట చెప్పింది. ఇక్కడే ఉద్యోగులు, విద్యార్థులు కండ్లు తెరిచి చూడవలసిన సంగతి ఉంది. ఈ బస్సులు ఆర్టీసీవి కావు. బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి. కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కట్టాలి. ప్రయాణికులు ఎక్కినా ఎక్కకున్నా ఆ కిరాయి ఆగదు. రేపు డిపోల జాగాలు, రూట్లు మిగిలి, సొంత బస్సు, సొంత డ్రైవరు లేని ఆర్టీసీని ఏమని పిలవాలి? పచ్చ బస్సు పేరు చెప్పి ప్రజల సంస్థను బోర్డుగా మిగిల్చే పని సాగితే మేం చప్పట్లు కొట్టలేం. బస్సు కొనే పైసలు నేరుగా ఆర్టీసీకి ఇవ్వండి. డ్రైవర్లకు, మెకానిక్‌లకు కొత్త బండి పని నేర్పండి. కరెంటు బస్సుకూ మాకూ పంచాయితీ లేదు, యాజమాన్యం దగ్గరే పంచాయితీ.

వెనకటి పాఠం కూడా మరిచిపోవద్దు. 2009లో జేఎన్‌ఎన్‌యూఆర్ఎం కింద దేశంలోని నగరాలకు సుమారు 15 వేల బస్సులు మంజూరు చేశారు. కొనడానికి డబ్బులిచ్చిన కేంద్రం నడపడానికి ఏం ఇచ్చింది? ఏటేటా నడిపే ఖర్చు రాష్ట్రాల నెత్తిన, రాష్ట్రాలు ఆర్టీసీల నెత్తిన వేశాయి. బిడ్డను కని సాకడం మరిచిపోయినట్టయింది.

'ఆర్టీసీ నష్టాల్లో ఉంది' అనే మాట మనం చెవులు చిల్లులు పడేలా విన్నాం. ఫ్లైఓవర్‌కు నష్టం వచ్చిందని ఎవరైనా లెక్క కట్టారా? రింగురోడ్డు జీతాలు దండగ అన్నారా? బడికి పోయే పిల్ల, ఆసుపత్రికి పోయే ముసలవ్వ, మార్కెట్‌కు పోయే కూరగాయల గంప - ఇవన్నీ మోసేది సేవ. దాన్ని నష్టం అనే కండ్లకు నగరం ఉక్కిరిబిక్కిరైతే వచ్చే నష్టం కనబడదు. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన సంస్థ ఇది. 2011 సకల జనుల సమ్మెలో చక్రం ఆపి తమ జీతం పోగొట్టుకున్నది ఈ కార్మికులే. అదే కార్మికులు స్వరాష్ట్రంలో, 2019లో 52 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. ఆ గోస ఏ సర్కారూ మరువరాదు.

మహాలక్ష్మి సంగతి చూడండి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్ లేదు. బస్సులు కిటకిటలాడాయి. దీన్ని కొందరు ఉచితమని వెక్కిరించారు. మేం దాన్ని వేరేగా చదువుతాం. బస్సు అందుబాటులోకి వస్తే జనం బస్సే ఎక్కుతారని అది రుజువు చేసింది. ఏ నివేదికా చెప్పలేనంత గట్టిగా చెప్పింది. టికెట్ తీసేసిన సర్కారు ఎక్కేవాళ్లకు సరిపడా బస్సులు పెట్టడంలోనే ఉంది అసలు పరీక్ష. బస్సులు పెంచకుండా ప్రయాణికులను పెంచితే కండక్టరుకూ ప్రయాణికురాలికీ కొట్లాట పెట్టి పాలకులు పక్కన నిలబడ్డట్టే.

మార్పు అసాధ్యమని ఎవరైనా అంటే నమ్మకండి. సుప్రీంకోర్టు 1998లో ఆదేశిస్తే, ఎన్ని అడ్డంకులు పెట్టినా 2002 చివరికి ఢిల్లీ బస్సులన్నీ గ్యాస్ మీదికి మారాయి. కొలంబియా మనలాంటి దేశమే. దాని రాజధాని బొగోటాలో 2000లో రోడ్డు నడుమ బస్సులకు ప్రత్యేక దారి వేసి లక్షల మందిని మోశారు. అదే పని ఢిల్లీలో 2008లో చేస్తే కార్ల వాళ్లు గగ్గోలు పెట్టారు. 2016లో ఆ దారిని పీకేశారు. బస్సులో పోయేవాళ్లు ఎక్కువ మందే, కానీ వాళ్ల గొంతు వినబడలేదు. ఈ రెండు నగరాల నడుమ తేడా ఇంజనీరింగ్‌లో లేదు, ఎవరి మాట చెల్లుతుందన్న దాంట్లో ఉంది.

అందుకే మేం అడిగేవి నాలుగే. ఒకటి, రవాణా బడ్జెట్‌లో బస్సుకు, రైలుకు, కాలినడకకు ఎంత, కారు కోసం వేసే వంతెనలకు ఎంత అని కేంద్రం, రాష్ట్రం ఏటా విడివిడిగా లెక్క చెప్పాలి. రెండు, ప్రజా రవాణా బస్సుకు డీజిల్ అయినా, కరెంటు అయినా, పన్ను అయినా కారుకంటే తక్కువ పడాలి. మూడు, కొత్త బస్సులు ఆర్టీసీ సొంతం కావాలి, నడిపే ఖర్చులో కేంద్రం వాటా మోయాలి. నాలుగు, కొత్త ఫ్లైఓవర్ కట్టే ముందు ఆ రోడ్డు మీద ఫుట్‌పాత్, బస్సు దారి ఉన్నాయా అని చూడాలి. లేకుంటే ముందు అవి కట్టాలి.

వాతావరణ మార్పు మన పని కాదు, అది పెద్ద దేశాల పంచాయితీ అని కొందరు అనుకుంటున్నారు. పొగ పీల్చేది ఎవరు? ఎండలో స్టాపు దగ్గర నిలబడేది ఎవరు? బస్సు రాక చదువు మానేసేది ఎవరి బిడ్డ? పాస్ చేతిలో పట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడే విద్యార్థి, డబుల్ డ్యూటీ చేసి నడుము పట్టేసిన డ్రైవర్, అయిదింటికి ఆఫీసు వదిలి ఎనిమిదింటికి ఇల్లు చేరే ఉద్యోగి - ముగ్గురూ ఒకే బస్సులో ఉన్నారు. వాళ్లు ఒకరినొకరు నెట్టుకోవడం మాని, ఒక్క గొంతుతో అడిగిన రోజే కాగితం మీది బస్సు రోడ్డు మీదికి వస్తుంది.