మోదుగ గింజ ఎప్పుడు నట్టల మందు అవుతుంది?

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. దానికోసం సేకరించిన దాదాపు 5,500 ఎకరాల చుట్టూ రహదారులు, గోదాములు, ప్లాట్లు విస్తరించాయి. మేత బయళ్లు తగ్గిన కొద్దీ మిగిలిన చెరువు శిఖం భూముల్లోనే గొర్రెల మందలు పదేపదే మేస్తాయి. వానకాలంలో తడి గడ్డి మీదికి పాకే నట్టల లార్వాలకు ఇంతకంటె అనువైన స్థితి ఉండదు. రక్తం పీల్చే హీమాంకస్ సోకిన గొర్రెకు కనురెప్ప లోపలి పొర పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో ప్రథమ స్థానంలో నిలిచిన రాష్ట్రానికి ఇది చిన్న సమస్య కాదు.

ఒకే మందును మళ్ళీ మళ్ళీ తాగించడం వలన నట్టల్లో నిరోధకత పెరుగుతుంది. అందుచేతనే మోదుగ, బొప్పాయి, వేప గింజల సారాలపై పరిశోధన పత్రాలు వెలువడుతున్నాయి. ఆసక్తి సహేతుకమే. మోదుగ గింజను నులిపురుగులకు వాడడం ఆయుర్వేదంలో పాత సంగతి. అందులోని పలాసోనిన్‌కు క్రిమిహర గుణం ఉంది. అయితే అనేక పత్రాలు గాజుపాత్రలో పురుగు చనిపోయిందని చెప్పి ఆగిపోతాయి. గొర్రె పొట్ట గాజుపాత్ర కాదు.

ఈ లోపంలో సస్యశాస్త్రానికీ వాటా ఉంది. బొప్పాయి గింజలోని బెంజైల్ ఐసోథయోసయనేట్ ముందే సిద్ధంగా ఉండదు. గింజ నలిగినప్పుడు మైరోసినేజ్ ఎంజైము చర్య వలన పుడుతుంది. అధిక వేడిలో ఆరబెడితే ఆ ఎంజైము నశిస్తుంది. కాబట్టి రకం, కోత దశ, ఆరబెట్టిన తీరు, నిల్వకాలం పేర్కొనకుండా ‘ఇన్ని గ్రాముల పొడి’ అని రాసిన మోతాదుకు అర్థం లేదు. మోదుగ కాయ వేసవిలో పండుతుంది, మందు అవసరం వానల్లో. ఆ మధ్య నిల్వలో గింజ బలం ఎంత తగ్గుతుందో కొలవడం కష్టమైన పని కాదు. పేరు తెచ్చే పని కాదు, అంతే.

రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు రెండూ ఉన్నాయి. శంషాబాద్ మందలు సమీపంలోనే ఉన్నాయి. ఒకరు గింజను ప్రమాణీకరిస్తే మరొకరు మందలో పరీక్షించవచ్చు. మందు తాగించిన నాడు, తిరిగి 10–14 రోజులకు పెంటికల్లో గుడ్లు లెక్కించి, మందు ఇవ్వని జీవాలతో పోల్చాలి. రసాయన మందుతో తగ్గుదల 95 శాతానికి దిగువన ఉంటే నిరోధకతను అనుమానిస్తారు. గింజల మందు అంత ఫలితం ఇవ్వకపోవచ్చు. రసాయన మందు తాగించే సార్లను తగ్గించగలిగినా అది ఉపయోగమే.

పిల్లల సంగతి వేరు. 2007లో ప్రచురితమైన నైజీరియా అధ్యయనంలో తేనెతో కలిపిన బొప్పాయి గింజల పొడి 76.7 శాతం పిల్లల్లో పరాన్నజీవులను తొలగించింది. తేనె మాత్రమే ఇచ్చినవారిలో అది 16.7 శాతం. పరీక్షించినది 60 మందినే. ఆల్బెండజోల్ మాత్రకు బదులుగా దీనిని సూచించడానికి ఆ సంఖ్య చాలదు.

మోదుగ గింజలకు సంతానోత్పత్తిని అడ్డుకునే గుణం ఉన్నట్లు ఎలుకలపై పరీక్షల్లో కనిపించింది. భద్రమైన మోతాదు తేలేవరకు చూడి గొర్రెలకు ఈ గింజల పొడి పెట్టవద్దని విస్తరణ శాస్త్రవేత్తలు కాపరులకు స్పష్టంగా చెప్పాలి.