మాస్టారి కబుర్లు: పది గుమ్మాలు

పిల్లలూ!

ఈ నెల 16వ తేదీ ప్రాంతంలో నెలగంట పడుతుంది. ఇక అప్పటినుంచి తెల్లవారకముందే మీ ఊరి గుళ్ళో మైకు మోగుతుంది. మీరు దుప్పటి ముసుగు మరింత బిగించి, "అబ్బ! ఈ చలిలో ఎవరు లేస్తారు?" అనుకుంటారు. అలా అనుకోవడం పెద్ద నేరమేమీ కాదు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా బళ్ళో పాఠాలు చెప్పాను. డిసెంబరు నెలలో మొదటి గంటకు ఆవలించని పిల్లవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఐతే ఒక సంగతి ఆలోచించండి. ఏడాదికి పన్నెండు నెలలున్నాయి గదా! హాయిగా వుండే చైత్రమో, ఫాల్గుణమో వదిలిపెట్టి, చీకట్నే లేచి నలుగురూ ఒకచోట చేరడానికి మన పెద్దవాళ్ళు సరిగ్గా ఈ నెలనే ఎందుకు ఏర్పాటు చేసుకున్నారు? హరిదాసు తలపైన అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో ఈ నెలలోనే వస్తాడు. వాకిట్లో పెద్ద ముగ్గులు ఈ నెలలోనే పడతాయి. గంగిరెద్దు సన్నాయి కూడా ఈ నెలలోనే వినబడుతుంది.

ముందుగా చలి సంగతి చూద్దాం. సూర్యుడు మనకు దూరంగా పోవడం చేత చలి వేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజం అందుకు తలకిందులుగా వున్నది. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అన్నిటికంటె దగ్గరగా, సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో వుంటుంది. జూలై మొదట్లో ఆ దూరం 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు అవుతుంది. దగ్గరగా వున్నప్పుడే మనకు చలి! భూమి ఇరుసు 23½ డిగ్రీలు ఒరిగి వుండడమే దీనికంతటికీ కారణం. డిసెంబరులో మనం వుండే ఉత్తరపు సగం సూర్యుడి నుంచి పక్కకు ఒరుగుతుంది. ఎండ ఏటవాలుగా పడుతుంది, పగలు పొట్టిదవుతుంది. మా బుచ్చయ్యపేటలో జూన్ నెలలో పగలు పదమూడు గంటలు దాటి వుంటుంది. డిసెంబరు 22 నాటికి పదకొండు గంటలు, ఆపైన కాస్త. దానికి తోడు వానాకాలం వెళ్ళిపోయి ఆకాశం శుభ్రంగా వుంటుంది గనక, పగలు నేల దాచుకున్న వేడి రాత్రికి రాత్రే పైకి ఎగిరిపోతుంది. మబ్బులుంటే దుప్పటిలాగా కొంత ఆపేవి. చింతపల్లి దగ్గర కొండమీద వున్న లంబసింగిలో ఈ చలి మరీ ఎక్కువ. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు వున్నది. రాత్రి ఆరుబయట వున్నవాడు కొయ్యలాగా బిగుసుకుపోతాడని దాని అర్థమట.

ఇందులో ఇంకొక చమత్కారం వున్నది. డిసెంబరు 22 దాటితే పగలు పెరుగుతుందని మనం చదువుకుంటాం. ఆ మాట నిజమే. కాని తెల్లవారుజామున లేచేవాడికి ఆ పెరుగుదల కనిపించదు! జనవరి మధ్య దాకా సూర్యోదయం రోజురోజుకూ ఇంకా కాస్త ఆలస్యమవుతూనే వుంటుంది. పెరిగే వెలుగంతా సాయంత్రం వైపు చేరుతుంది. చలి కూడా సాధారణంగా జనవరిలోనే ముదురుతుంది. అంటే వెలుగు తిరుగుముఖం పట్టిన తరువాత కూడా కొన్ని వారాలపాటు, పొద్దున్నే లేచినవాడికి అంతా పూర్వం లాగానే, ఇంకా చెప్పాలంటే అంతకంటె చీకటిగా, చలిగా వుంటుందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇక తిరుప్పావై సంగతి. శ్రీవిల్లిపుత్తూరులో పుట్టిన గోదాదేవి, అంటే ఆండాళ్, తమిళంలో ముప్పయి పాశురాలు చెప్పింది. పన్నెండుమంది ఆళ్వారులలో ఆడపిల్ల ఈమె ఒక్కతే. ఈమె కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అనే పేరుతో తెలుగు కావ్యంగా రాశాడు. తిరుమలలో ధనుర్మాసమంతా సుప్రభాతానికి బదులు ఈ పాశురాలే చదువుతారు. నెలకు ముప్పయి రోజులు గనక రోజుకొకటి.

ఇందులో పిల్లలకు నచ్చే భాగం ఆరో పాశురంనుంచి పదిహేనో పాశురం దాకా వున్నది. గొల్లపిల్లలంతా కలిసి తెల్లవారుజామున వ్రతానికి బయలుదేరతారు. దారిలో ఒక్కొక్క ఇంటి ముందు ఆగి, లోపల నిద్రపోతున్న పిల్లను లేపుతారు. పాశురానికొక గుమ్మం చొప్పున పది గుమ్మాలు. "రేపు మిమ్మల్నందరినీ నేనే లేపుతాను" అని గొప్పలు చెప్పి, తానే ముసుగుతన్ని పడుకున్న పిల్ల ఒకతె. పాలు పొంగి వాకిలంతా బురదైన ఇంటి పిల్ల ఇంకొకతె. అక్కడ వీళ్ళు నెత్తిన మంచు కురుస్తుండగా గడప పట్టుకుని నిలబడవలసి వచ్చింది. ఇంకొక పిల్ల లోపలినుంచే ఎదురు సమాధానం చెబుతుంది! వీళ్ళు ఎవరినీ వదిలిపెట్టి ముందుకు పోరు. వ్రతం తొందరగా ముగించుకోవడమే పనైతే మేలుకున్నవాళ్ళు చక్కగా వెళ్ళిపోవచ్చు గదా! ఆండాళ్ అలా రాయలేదు. ముప్పయింటిలో పది పాశురాలు, అంటే మూడో వంతు, గుమ్మాల ముందు ఎదురుచూడడానికే సరిపోయినాయి.

ఇదంతా పుస్తకంలో మాట. మా ఊళ్ళో జరిగినది కూడా చెబుతాను. బుచ్చయ్యపేట చోడవరం పక్కన వున్నది. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడే దాకా మాది విశాఖపట్నం జిల్లా. చెరకు, బెల్లం మా వైపు బతుకు. అనకాపల్లి బెల్లం పేరు మీరు వినే వుంటారు.

2014వ సంవత్సరం అక్టోబరు 12, ఆదివారంనాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఒమన్ దేశం పెట్టిన పేరది; తలమీద కిరీటం వంటి జుట్టు వుండే ఒక పిట్ట పేరు. అంత అందమైన పిట్ట పేరు పెట్టుకుని, గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చిపడింది. సింహాచలం కొండలమీద పచ్చదనం ఒక్క పూటలో మాడిపోయినట్టయింది. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయినాయి. మామిడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయినాయి. చెరకు మొత్తం నేలకు ఒరిగింది.

ఒరిగిన చెరకును తరువాత నరుక్కుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. నేలకు తగిలిన కణుపులనుంచి కొత్త పిలకలు పుట్టుకొస్తాయి. ఆ పిలకలు గడలో దాచుకున్న తీపినే తిని పెరుగుతాయి. ఎలుకలు కొరుకుతాయి, గడ కుళ్ళుతుంది. పైగా అటువంటి రసంలో అసలు చక్కెర విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు రకాల చక్కెరలుగా మారుతుంది. అవి త్వరగా గట్టిపడవు. అంచేత పెనంలో ఎంత కాచినా పాకం సరిగా కుదరదు, దిమ్మ గట్టిగా నిలబడక మెత్తగా జారిపోతుంది. అటువంటి బెల్లానికి బజారులో ధర వుండదు.

డిసెంబరు వచ్చింది. ఏటా లాగానే రామమందిరంలో పెద్దలు కూర్చుని, ధనుర్మాసపు భజన పెట్టడమా మానడమా అని మాట్లాడుకున్నారు. "తిండిగింజలకు ఏడుస్తూ వుంటే తాళాలేమిటి?" అన్నాడొక రైతు. అతని మాటలో అబద్ధమేమీ లేదు. కొంతసేపు ఎవరూ నోరు విప్పలేదు. గుమ్మం దగ్గర కూర్చున్న ఒక ముసలమ్మ, "ఏటి బాబూ! గాలికి ఇల్లు పోనాది, సేను పోనాది. గొంతు కూడా పోనాదేటి?" అన్నది. అంతే, మరి చర్చ జరగలేదు. డిసెంబరు 16న నెలగంట పట్టారు.

అప్పటికి నేనింకా బళ్ళో పనిచేస్తున్నాను. పెద్దవాళ్ళు పదిమంది, పిల్లలు పాతికమంది పొద్దున్నే ఊరంతా తిరిగేవాళ్ళం. ఐతే మద్దెల లేదు. మద్దెల వాయించే ఆయన తలుపు వేసుకుని కూర్చున్నాడు. పిల్లలంతా ఆయన్ను మద్దెల మావ అనేవాళ్ళు. కౌలుకు చేసిన చెరకు పడిపోయింది, పెరట్లో వున్న రెండు మామిడి చెట్లు పడిపోయినాయి, అప్పు మాత్రం నిటారుగా నిలబడివున్నది. ఆయన ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు. రాత్రిళ్ళు దీపం కూడా పెట్టడం లేదని ఇంట్లోవాళ్ళు భయపడుతూ చెప్పారు. పెద్దవాళ్ళకు ఆ భయం ఎటువంటిదో తెలుసు.

గుడి మద్దెల తీసి ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వాయించడం మొదలుపెట్టాడు. వాడి వాయింపు ఎలా వుండేదో మీకు త్వరలోనే తెలుస్తుంది. రోజూ ఆ ఇంటి ముందు ఆగి ఒక పాట పాడి, మరి కాసేపు నిలబడి, ముందుకు పోయేవాళ్ళం. ఒక వారం గడిచింది. తలుపు తీయలేదు. "పాపం, ఎందుకు ఆయన్ను ఇబ్బంది పెట్టడం? రేపటినుంచి ఆ వీధి వదిలేద్దాం" అన్నారు కొందరు. ఆ రోజు బళ్ళో నేను పిల్లలకు ఆండాళ్ చెప్పిన పది గుమ్మాల సంగతి చెప్పాను. ఒక పిల్ల లేచి, "వాళ్ళు ఒక్కొక్క గుమ్మం దగ్గర ఎన్ని రోజులు నిలబడ్డారు మాస్టారూ?" అని అడిగింది. పుస్తకంలో ఒక్కరోజే. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మర్నాడు పిల్లలు ఆ వీధికే దారితీశారు.

ఆ ఏడు ముక్కోటి ఏకాదశి జనవరి 1న వచ్చింది. దానికి రెండు రోజుల ముందనుకుంటాను, పాట సగంలో వుండగా తలుపు ధడాలున తెరుచుకున్నది. మద్దెల మావ గడప మీద నిలబడి, "ఒరే గుంటడా! అది మద్దెలనుకున్నావా, అట్ల పెనమనుకున్నావా? పదిహేను రోజులై తాళం తప్పుతున్నావు. చెవులు పగిలిపోతున్నాయి!" అని కేకలేశాడు. పిల్లవాడు హడలిపోయి మద్దెల ఆయన చేతిలో పెట్టేశాడు. ఆయన దాన్ని ఒకసారి తట్టి చూసి, ఆ పాటకు వాయించాడు. ఆ తరువాత మాతో కూడా వచ్చాడు.

నేను సైన్సు చెప్పినవాణ్ణి గనక వున్నమాటే చెబుతాను. పాట వల్ల పడిన చెరకు లేచి నిలబడలేదు. ఆయన అప్పు తీరలేదు. మరుసటి ఏడు ఆ కౌలు భూమి వదులుకుని ఆయన కొన్నాళ్ళు కూలికి పోయాడు. ఐతే భజన ముగిసేసరికి ఆరున్నర అయ్యేది, పదిమంది ఒకచోట మేలుకుని వుండేవాళ్ళు. ఈ రోజు ఎవరి చేనులో పడిన చెరకు నరకాలి, ఎవరి కప్పు మీద ఆకు వేయాలి అన్న మాట అక్కడే తేలేది. కూలి లేకుండా ఒకరి చేనికి ఒకరు వెళ్ళారు. మావ చెరకు కూడా అలాగే నరికారు. ఎవరింట్లో వాళ్ళు ముసుగుతన్ని పడుకుంటే ఈ మాటలు ఎక్కడ జరుగుతాయి, చెప్పండి?

ఆయన బెల్లం దిమ్మ కట్టలేదు. అమ్ముడుపోని ఆ మెత్తటి బెల్లాన్ని కుండతో తెచ్చి మందిరంలో పెట్టాడు. ఇంటింటినుంచి గుప్పెడు బియ్యం వచ్చినాయి. ఆ నెల మిగతా రోజులన్నీ పొంగలి ఆ బెల్లంతోనే చేశారు. రంగు నల్లగా వుండేది. పిల్లలు విస్తరాకులు నాకారు.

మన దేశంలోనే కాదు, ఇతర దేశాల్లో కూడా ఈ రోజుల్లో జనం ఒకచోట చేరుతారు. ఇరాను దేశంలో డిసెంబరులో వచ్చే అతి పొడుగు రాత్రిని యల్దా అంటారు. బంధువులంతా ఒక ఇంట్లో కూడి, దానిమ్మపళ్ళు తింటూ, హాఫిజ్ అనే మహాకవి గీతాలు చదువుకుంటూ ఆ రాత్రి గడుపుతారు. స్వీడనులో డిసెంబరు 13న ఒక పిల్ల తలమీద దీపాల కిరీటం పెట్టుకుని ముందు నడుస్తుంది, మిగతావాళ్ళు పాడుతూ వెంట వస్తారు. ఇక మన ఊళ్ళలో క్రైస్తవులు ఇంటిమీద నక్షత్రదీపం కట్టి, క్రిస్మసు పాటలు పాడుతూ రాత్రిపూట ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్ళు పడుకునే వేళకు, భజనవాళ్ళు లేచే వేళకు మధ్య వున్న ఇళ్ళవాళ్ళకు ఈ నెలలో నిద్ర కాస్త తక్కువే!

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలను దుప్పట్లోంచి లాగి చన్నీళ్ళు పోయకండి. వేణ్ణీళ్ళే పోయండి. చెవులకు గుడ్డ కట్టి, ఒక్కరోజైనా మీతో కూడా తీసుకుని వెళ్ళండి. ఆయాసం, దగ్గు వున్న పిల్లలు మంచులోకి పోనక్కరలేదు. కిటికీలోంచి విన్నా పాట పాటే.

పిల్లలూ! ఇక మీకు పని. సరిగ్గా మీటరు పొడుగు కర్ర ఒకటి ఎండ తగిలే చోట నిటారుగా పాతండి. ఈ నెల 22న పగలు పన్నెండు గంటల వేళ దాని నీడ కొలవండి. మా ఊళ్ళో ఐతే 88 సెంటీమీటర్ల దాకా వుంటుంది. సంక్రాంతినాడు మళ్ళీ కొలవండి; ఈసారి 82 వుండాలి. పొద్దున్నే లేచినవాడి కంటికి కనబడని తేడా ఆ ఆరు సెంటీమీటర్లలో కనిపిస్తుంది. మార్చి 21 నాటికి 32కు దిగుతుంది. మే నెల రెండో వారంలో ఒక రోజున మిట్టమధ్యాహ్నం నీడ అసలు కనిపించకుండా పోతుంది. అందాకా మేకలు ఆ కర్రను పడగొట్టకుండా చూసుకోండి.