డయాలసిస్ రోగికి హృదయరక్షణ

జగ్గయ్యపేట ప్రాంతమున సున్నపురాయి విస్తారముగా నుండుటచేతను, దాని నాశ్రయించియే సిమెంటు కర్మాగారములు వెలసియుండుటచేతను, డయాలసిస్ రోగి రక్తనాళములలో కాల్షియము పేరుకొన్నదని వైద్యుడు చెప్పినప్పుడు, ఇది మన బోరునీటి ఫలమేయని ఇంటివారు తలచుట సహజము. కాని యీ వికారమునకు ప్రధానహేతువు నేలలో లేదు. ఆహారముతో వచ్చు భాస్వరమును విసర్జింపవలసిన మూత్రపిండములు అశక్తములైనప్పుడు, అది రక్తమున నిలిచి, ధమనుల గోడలందలి కండరకణములను క్రమముగా ఎముకకణములవంటివిగా మార్చును. అంతట కాల్షియము భాస్వరముతో గూడి యా గోడలలో గట్టిపడగా, సాగవలసిన ధమని బిరుసెక్కి, గుండెపై భారము హెచ్చును.

ఇది వార్ధక్యమునకే పరిమితమనుకొనరాదు. 2000వ సంవత్సరమున అమెరికాలో ప్రకటితమైన యొక పరిశోధనలో, డయాలసిస్ పొందుచున్న 20–30 ఏండ్లవారు 16 మందిలో 14 మందికి హృదయధమనులలో కాల్షియము కనబడినది. అదే వయసు ఆరోగ్యవంతులు 60 మందిలో ముగ్గురికే కనబడినది. డయాలసిస్ రోగులను బలిగొనువానిలో హృద్రోగమే అగ్రగణ్యము.

ప్రభుత్వసాయము స్వల్పమని నేననను. కిడ్నీవ్యాధితో నలిగిన ఉద్దాన ప్రాంతపు వేదన ఫలితముగా 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను లభించుచున్నది. మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు తండాల కిడ్నీవ్యాధి అందరి దృష్టి నాకర్షించినది. అయినను, ఈ సాయమంతయు రక్తశుద్ధి యెన్నిమార్లు జరిగినదను లెక్కతో ముగియరాదు.

పేరుకొన్న కాల్షియమును కరిగించు మందు నేటికిని స్థిరపడలేదు గదా, పరీక్షలవలన ప్రయోజనమేమని కొందరడుగుదురు. కరిగింపలేని దానిని పేరుకొననీయకుండుటయే వివేకము. రక్తమందలి భాస్వరమును, కాల్షియమును, పారాథైరాయిడ్ హార్మోనును నియతముగా కొలుచుట, ఏటేట గుండెకు ఎకో తీయుట, పొట్టకు ప్రక్కనుండి తీసిన సాధారణపు ఎక్స్‌రేలో మహాధమని స్థితిని పరికించుట మహావ్యయసాధ్యములు కావు. భాస్వరమును పట్టు మాత్రలలో కాల్షియముతో కూడినవి చౌక. అవి మితిమీరిన కాల్షియము శరీరమున నింపవచ్చును గనుక, కాల్షియము లేని సెవెలమర్ వంటివి అవసరమైనవారికి ఉచితముగా నీయవలెను. వానిని భోజనముతోనే మ్రింగవలెనని విడమరచి చెప్పవలెను. పప్పును పూర్తిగా మానిపించి రోగిని క్షీణింపజేయుటకంటె, ఫాస్ఫేటులు కలిపిన కోలాపానీయములను, ప్యాకెట్టు తిండ్లను మానిపించుట మేలు.

నందిగామనుండియైనను, జగ్గయ్యపేటనుండియైనను వారమునకు మూడుసార్లు డయాలసిస్‌కు పోవలసిన కూలివానికి ఒక విడత తప్పినచో, దానికి మూల్యము చెల్లించునది హృదయమే. కావున రవాణా, పరీక్షలు, మాత్రలు మూడును డయాలసిస్‌లో భాగములుగనే ప్రభుత్వము పరిగణింపవలెను. ఈ రెండు నియోజకవర్గముల ప్రతినిధులు శాసనసభలో అడుగవలసినది ఇదియే.