నాజర్ చెప్పింది, మనం అడగనిది

సంపాదకులకు,

బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ ఆత్మకథ ‘పింజారి’ నిరాశపరిచిందని గత సంచికలో మీ సమీక్షకులు తేల్చేశారు. తేదీలు చాల్లేదట, శైలి కుదరలేదట. నాజర్ చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తి గారు అక్షరాల్లో పెట్టిన పుస్తకమది. జీవితమంతా గొంతునే నమ్ముకున్న మనిషి దగ్గర పండితుల వచనం ఆశించడమేమిటి?

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల ఇంట పుట్టి, ప్రజానాట్యమండలి దళంతో ఊరూరా కథ చెప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్నారాయన. 1954 నాటి ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆయన చెప్పిన అల్లూరి కథ చూడండి. బుర్రకథంటే భుజాన తంబురా, చేతివేళ్లకు అందెలు, అటూ ఇటూ వంత పాడే ఇద్దరు; ఒకరు నవ్విస్తే మరొకరు రాజకీయం అందుకుంటారు. మా కొత్తపేటలో కాలేజీ పిల్లలకు ఫోన్‌లో ఆ కథ చూపిస్తే, మళ్లీ పెట్టమన్నారు.

ఒక్క మాట ఒప్పుకుంటాను: కథ కట్టే పనితనం గురించి ఇంకా చదవాలనిపిస్తుంది. కానీ 1997లో ఆయన పోయేలోగా అడిగి చెప్పించుకోవాల్సింది మనం. కనీసం ఇప్పుడు బుర్రకథ చెబుతున్నవారి అనుభవాలైనా మీ పత్రిక రికార్డు చేయిస్తే మేలు.

— ఒక పాఠకుడు, కొత్తపేట, హైదరాబాద్