పింఛను గడప దగ్గరికా, బ్యాంకు ఖాతాలోకా?

మీరు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటూ, అమ్మానాన్న తోటపల్లి గూడూరు వైపు ఊళ్లో ఉంటే ఒకటో తారీఖు సంగతి మీకు తెలిసే ఉంటుంది. పొద్దున్నే సచివాలయ ఉద్యోగి ఇంటికొచ్చి ఎన్టీఆర్ భరోసా పింఛను చేతికిస్తారు. వృద్ధులకు, వితంతువులకు నెలకు రూ.4,000, దివ్యాంగులకు రూ.6,000. మత్స్యకారులకైతే 50 ఏళ్లకే రూ.4,000 మొదలవుతుంది. కోడూరు తీరంలో ఇది చిన్న విషయం కాదు.

ఫోన్‌లోనే అన్నీ కట్టేసే రోజుల్లో నోట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడమేంటి, ఖాతాలో వేస్తే పోదా? ఈ ప్రశ్నకు 2024 వేసవిలో జవాబు దొరికింది. ఎన్నికల వేళ వాలంటీర్లు నగదు పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో చాలామంది సచివాలయాల దాకా వెళ్లాల్సి వచ్చింది. మే నెలలో, ఆధార్‌తో లింకైన ఖాతాలున్నవారికి డబ్బు బ్యాంకులో వేశారు. ప్రభుత్వ లెక్కలో అక్కడితో చెల్లింపు అయిపోయినట్టే. ముసలివాళ్లకు మాత్రం పని అప్పుడే మొదలైంది: ఏ ఖాతాలో పడిందో కనుక్కోవాలి, ఎండలో ఆటో ఎక్కాలి, బ్యాంకు దగ్గర నిలబడాలి. జులై 1 నుంచి సచివాలయ సిబ్బందితో మళ్లీ ఇంటి దగ్గరే ఇవ్వడం మొదలైంది. మూడు నెలల పెంపు బకాయిలు కలిపి ఆరోజు వృద్ధులకు అందింది రూ.7,000.

అలాగని గడప పద్ధతిలో లోటు లేదనుకోకండి. డబ్బు తెచ్చిన మనిషే ఇచ్చిన మనిషిలా కనిపిస్తాడు. ఎన్నికలప్పుడు గొడవంతా అందుకే. వలలు లాగి అరిగిన వేళ్ల ముద్ర మిషన్‌లో ఓ పట్టాన పడదు. పైగా ఆ రోజు ఊళ్లో ఉండాలి. మీ దగ్గరికి వచ్చిన అమ్మ ఒకటో తారీఖు కోసం బస్సెక్కాల్సిన అవసరం ఇప్పుడు కొంత తగ్గింది: రెండు నెలలు తీసుకోకపోయినా, మూడో నెలలో మూడూ కలిపి ఇస్తారు. ఆ మూడో నెల మాత్రం తప్పనివ్వకండి.

నన్నడిగితే ఎంపిక పింఛనుదారుకే వదలాలి. ఏటీఎం వాడే అరవై రెండేళ్ల పెద్దాయనకు ఖాతా చాలు, మంచం దిగలేని ఆవిడకు గడపే కావాలి. ఇద్దరికీ ఒకే పద్ధతి రుద్దితే ఎవరో ఒకరు ఇబ్బంది పడతారు.

ఈలోగా అమ్మ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు లింకై ఉందో చూసి పెట్టండి. ఆధార్ ద్వారా పంపే సొమ్ము చివరగా లింకు చేసిన ఖాతాలోనే పడుతుంది. అది ఆవిడ ఎప్పుడో మర్చిపోయిన ఖాతా కూడా కావచ్చు.