పేరు మార్చుకున్న పేకాట

మొన్న సంక్రాంతి మూడు రోజులూ మా యింట్లో రమ్మీ సాగింది. డబ్బుతో కాదు లెండి, చింతపిక్కలతో. మా అత్తగారు, మా ఆవిడ, మా అబ్బాయి, నేను. రెండు పేకలు కలిపి మనిషికి పదమూడు ముక్కలు. మా అత్తగారికి డెబ్బై దాటాయి. అయినా ఎవరు ఏ ముక్క పారేశారో, ఎవరు ఏది ఎత్తుకున్నారో ఆట ముగిసేదాకా ఆవిడకు గుర్తే. నేను కళావరు రాజు కోసం కాచుకున్నానని కనిపెట్టి, ఆ ముక్కను చివరిదాకా చేతిలోనే బిగించి నన్ను ఓడించారు.

కనుమనాడు నా పాత శిష్యుడొకడు చూడవచ్చాడు. "రావోయ్, నువ్వూ కూర్చో. ముక్కలు పంచుతున్నాం" అన్నాను.

"నాకు వద్దండి మాస్టారూ" అని కుర్చీ కాస్త వెనక్కు జరుపుకున్నాడు.

ఇంతలో మా అబ్బాయి "నాన్నా, రమ్మీ అంటే అర్థం ఏమిటి?" అన్నాడు. తెలుగు మేష్టారి యింట్లో పేకాడితే ఇలాంటి ప్రశ్నలు తప్పవు మరి!

రమ్మీ ఇంగ్లీషు మాట. ఆటకు పేరుగా అది ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో వాడుకకెక్కింది. అంతకు ముందే, 19వ శతాబ్దంలోనే, అదే రూపంలో మరో మాట ఉండేది. వింతైనది, విడ్డూరమైనది అని దాని అర్థం. ఉడ్‌హౌస్ హాస్యకథలు చదివినవారికి ఇది చిరపరిచితం. ఆయన పాత్రలు ముక్కున వేలేసుకోవలసిన చోటల్లా "రమ్మీ" అంటూ ఉంటాయి. అమెరికాలో తాగుబోతును రమ్మీ అనడం కూడా కద్దు. అది రమ్ము అనే మద్యం నుంచి పుట్టిన మాట. మరి ఆటకు ఈ పేరు వింతవల్ల వచ్చిందా, మద్యంవల్ల వచ్చిందా అంటే నిఘంటుకారులు ఇదమిత్థమని తేల్చలేదు.

పుట్టుక ఎలా ఉన్నా, మన దగ్గరకు వచ్చాక ఈ మాటకు ఒక పెద్దరికం అబ్బింది. మన భాషలో పేకాట అన్న మాట ఏనాడో చెడ్డపేరు తెచ్చుకున్నది. "కుర్రవాడు పేకాటరాయుడట" అంటే కుదిరిన సంబంధం కూడా వెనక్కుపోతుంది. అదే "సాయంత్రంపూట కాస్త రమ్మీ ఆడతాడట" అంటే ఎవరూ ఉలిక్కిపడరు. అవే ముక్కలు, అదే ఇస్పేటు, అదే ఆఠీను. మొదటిది జూదంలా వినిపిస్తుంది, రెండోది కాలక్షేపంలా వినిపిస్తుంది.

ఇదంతా మా అబ్బాయికి సరదాగా చెబుతున్నాను. నా శిష్యుడు మాత్రం నవ్వలేదు.

"ఆ తేడాలోనే నేను మునిగిపోయానండీ మాస్టారూ" అన్నాడు.

బెంగుళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోనులో మొదలుపెట్టాడట. మొదట ఆటకు పది రూపాయలు. తరవాత జీతం. ఆ తరవాత చెల్లెలి పెళ్ళికని దాచిన డబ్బు. చివరకు అప్పు.

"పేకాట జోలికి పోనని మా నాన్న చిన్నప్పుడే నాచేత ఒట్టు వేయించుకున్నాడండి. ఆ ఒట్టు తప్పుతున్నానని ఒక్కనాడూ అనిపించలేదు. నేను ఆడేది రమ్మీ కదా అనుకున్నాను. అది నైపుణ్యపు ఆటేనని సుప్రీంకోర్టు కూడా అన్నదిగదా!"

అన్నమాట నిజమే. కాని ఆ తీర్పులో అది సగం మాట. ఆ కథ మన గడ్డమీదిదే కాబట్టి చెప్పుకోవాలి. 1963లో సికిందరాబాదులోని ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకున్నారు. కిందికోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది, ప్రభుత్వం ఓడింది. మూడుముక్కలాటలాగా రమ్మీ కేవలం అదృష్టంమీద నడిచేది కాదనీ, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలిసి ఉండాలనీ న్యాయస్థానం చెప్పింది. మా అత్తగారి ఆట చూసినవారెవరూ దీన్ని కాదనలేరు.

అయితే ఆ తీర్పే మరో మాట కూడా అన్నది. రమ్మీ అయినా సరే, మరే ఆట అయినా సరే, పందెం పెట్టి ఆడే చోట ఇల్లుగలవాడో క్లబ్బువాడో దానిమీద లాభం తీస్తున్నాడని రుజువైతే అది నేరం కావచ్చునని. జనం ఈ "అయితే" దాకా చదివి పుస్తకం మూసేశారు. పరీక్షలో ఇలా సగం రాసిన విద్యార్థికి నేను సగం మార్కులే వేస్తాను.

తరవాత చట్టాలు మారాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న మీమాంస లేకుండా, ఆన్‌లైన్‌లో డబ్బు ఒడ్డే ఆటలన్నింటినీ ఒకే గాటను కట్టింది. ఆట పేరేమిటని కాక, డబ్బు ఒడ్డుతున్నారా అని అడిగిందన్నమాట.

అంతవరకూ ముక్కలు సర్దుకుంటూ కూర్చున్న మా అత్తగారు తలెత్తి, "మీ నాన్నకు చెప్పావా నాయనా?" అని అడిగారు.

"చెప్పానండి. షేర్లలో పోయిందని చెప్పాను."

ఆవిడ చేతిలో ముక్కలు కింద బోర్లించారు. "అక్కడా పేరు మార్చావూ! డబ్బు పోతే పోయింది. ఆయన దగ్గరయినా అసలు పేరుతో చెప్పు" అన్నారు.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. భోజనం చేసి, సాయంత్రం బస్సుకు వాళ్ళ ఊరు వెళ్ళాడు. తండ్రితో ఏమన్నాడో నేను అడగలేదు.

మా అబ్బాయికి కొత్తమాటలు నోటుపుస్తకంలో రాసుకునే అలవాటుంది. మర్నాడు తిరగవేస్తే "రమ్మీ" అన్న మాట కనిపించింది. పక్కన నేను చెప్పిన చరిత్ర ఒక్కటీ లేదు. "పేకాట" అని మాత్రం రాసుకున్నాడు.

నేను దిద్దలేదు.